ఖాళీ బిందెను ఖాళీ అనే రాయమ్మా

అనంతపురం

చిన్నీకి మామయ్య ఆశీస్సులు.

కంట్రిబ్యూటర్ పని మానేసి, ఇద్దరు స్నేహితులతో కలిసి సొంతంగా వార్తల ఛానల్ పెట్టావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. "ఎన్నికల ముందు ఇదేం పని, నువ్వైనా చెప్పు" అంది. గొంతులో టెన్షన్ తెలిసిపోతోంది. నిన్ను మానుకోమని చెప్పడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. ముప్పై ఏళ్లు ఈ జిల్లాలో విలేకరిగా తిరిగాను. ఎన్నికల వేళ కాలు ఎక్కడ జారుతుందో నాకు తెలుసు, అందుకే రాస్తున్నాను.

2009లో ప్రచారం జరుగుతుండగా ఒక పల్లెకు వెళ్లాను. అభ్యర్థి జీపు రచ్చకట్ట దగ్గరికి వచ్చేసరికి ఇరవై మంది ఆడవాళ్లు దారికి అడ్డంగా ఖాళీ బిందెలు పేర్చి కూర్చున్నారు. ఊరి బోరు ఎండిపోయి నెలన్నర అయింది. ఒకామె బిందెను బోర్లించి అరచేత్తో దబదబా కొట్టింది. ఆ చప్పుడు నాకింకా చెవుల్లోనే ఉంది. జీపు వెనక్కి తిరిగింది. చూసింది చూసినట్టు రాసి ఆఫీసుకు ఫ్యాక్స్ చేశాను. తెల్లారి పేపర్ తెరిస్తే 'బిందెలతో ఎదురొచ్చి స్వాగతం పలికిన మహిళలు' అని ఉంది. వార్త నా పేరుతోనే వచ్చింది. డబ్బు తీసుకుని అనుకూలంగా వార్తలు వేయడానికి మా పేపర్ ఆ అభ్యర్థితో ప్యాకేజీ మాట్లాడుకుందని తర్వాత తెలిసింది. వారానికి మళ్లీ ఆ ఊరికి పోతే, ఒక అవ్వ కొంగు ముడిలోంచి ఆ పేపర్ ముక్క తీసి నా ముందు పెట్టింది. "ఏమప్పా, మా బిందెల్లోకి నీళ్లు యాడ నుంచి వచ్చినాయి?" అని అడిగింది. నేను తలెత్తలేకపోయాను. ఆ తర్వాత ఎన్ని వార్తలు రాసినా ఆ అవ్వ మాటకు మాత్రం నా దగ్గర జవాబు లేదు.

అప్పట్లో ఇది ఒక్క ఊళ్లో జరిగిన సంగతి కాదు. ఆ ఎన్నికల తర్వాతే, పత్రికల తీరు చూసే ప్రెస్ కౌన్సిల్ ఇలా డబ్బు తీసుకుని వేసే వార్తల మీద, అంటే పెయిడ్ న్యూస్ మీద, పాత్రికేయుడు పరంజయ్ గుహ ఠాకుర్తాతో, మన తెలుగు పాత్రికేయుడు కె. శ్రీనివాసరెడ్డితో ఉపసంఘం వేసింది. వాళ్ల నివేదిక 2010లోనే తయారైనా, పూర్తి పాఠం జనం చేతికి వచ్చేసరికి 2011 అయింది. ఒకే వార్త, అక్షరం కూడా మారకుండా, వేర్వేరు పేపర్లలో వేర్వేరు విలేకరుల పేర్లతో వస్తే అది ప్యాకేజీ వార్త అని పట్టుకోవచ్చు. నీకు అలాంటిది కనబడితే రెండు క్లిప్పింగులూ పక్కపక్కన పెట్టి చూపించు. కలెక్టర్ అధ్యక్షతన ఉండే జిల్లా మీడియా ధ్రువీకరణ, పర్యవేక్షణ కమిటీకి ఫిర్యాదు కూడా ఇవ్వు. పెయిడ్ న్యూస్ అని తేలితే ఆ ఖర్చును అభ్యర్థి లెక్కలో కలుపుతారు. 2022లో పెంచిన పరిమితి ప్రకారం మన రాష్ట్రంలో అసెంబ్లీ అభ్యర్థి 40 లక్షలు, లోక్‌సభ అభ్యర్థి 95 లక్షలు దాటి ఖర్చు పెట్టకూడదు. అందుకే లెక్కలో ఎక్కుతుందంటే వాళ్లకు భయం.

కాబట్టి నీ ఛానల్ ఎవరి డబ్బుతో నడుస్తుందో ముందే తేల్చుకో. ప్రెస్ మీట్లో చేతిలో పెట్టే కవరు తీసుకోవద్దు. అభ్యర్థి కారెక్కి ఊళ్లు తిరగొద్దు. నీ బండి, నీ పెట్రోల్, నీ టిఫిన్. మన వైపు ఒక్కరోజు ఒకరి కాన్వాయ్‌లో కనబడితే చాలు, సాయంత్రానికల్లా 'ఆ పిల్ల వాళ్ల మనిషి' అని ముద్ర పడిపోతుంది. ఆ తర్వాత నువ్వు నిజం రాసినా ఎవరూ నమ్మరు. చూసేవాళ్లనే చందా అడుగు. నెలకు 50 రూపాయలైనా ఫర్వాలేదు. ఎవరెంత ఇచ్చారో ప్రతి నెలా అందరికీ చూపించు. పార్టీ ప్రకటన తీసుకుంటే అది ప్రకటన అని తెరమీద పెద్దగా రాయి. దానికి మీడియా ధ్రువీకరణ కమిటీ ముందస్తు అనుమతి ఉందో లేదో చూసుకున్నాకే వెయ్యి. 1926లో పప్పూరు రామాచార్యులు గారు ఇదే అనంతపురంలో శ్రీ సాధన పత్రిక మొదలుపెట్టారు. మన ఊరి మాట మన ఊళ్లోంచే చెప్పాలన్న పని నీతో మొదలు కాలేదు.

నామినేషన్లు వేయగానే అందరూ ఊరేగింపుల వెంట పడతారు. నువ్వు మాత్రం అఫిడవిట్ల ముందు కూర్చో. అభ్యర్థి ప్రమాణం చేసి ఇచ్చే ఆ అఫిడవిట్‌నే ఫారం 26 అంటారు. అందులో ఆస్తులు, అప్పులు, కేసులు, చదువు అన్నీ ఉంటాయి, ఎన్నికల సంఘం వెబ్‌సైట్లో ఎవరైనా చూడొచ్చు. పాత అభ్యర్థి అయితే ఐదేళ్ల కిందటి అఫిడవిట్ పక్కన పెట్టుకుని వరుస వరుసా చదువు. ఏది పెరిగింది, ఏది మాయమైంది, ఏ కేసు కొత్తగా వచ్చింది, నోట్‌బుక్‌లో రాసుకో. కేసు ఉన్నంత మాత్రాన దోషి అని రాయకు. విచారణలో ఉందా, శిక్ష పడిందా, స్పష్టంగా చెప్పు. క్రిమినల్ కేసులున్న అభ్యర్థి ఆ వివరాలను పేపర్లలో, టీవీల్లో మూడుసార్లు ప్రకటించాలి. 2018లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో వచ్చిన నియమం ఇది. ఎవరూ చదవని మూల చిన్న అక్షరాల్లో వేయించుకుంటారు, నువ్వు వెతికి పట్టుకో. ఒక అభ్యర్థిని అడిగిన ప్రశ్ననే మిగతావాళ్లనూ అడుగు. బోరు సంగతి, వేరుశనగ రేటు సంగతి, బెంగళూరు బస్సెక్కే వలస కూలీల సంగతి అడుగు.

పోలింగ్‌కు ముందు 48 గంటలు నీలాంటి వీడియోవాళ్లకు మరీ గట్టి. ఆ సమయంలో ఎన్నికల ప్రచారమయ్యేది ఏదీ చూపించకూడదు. ఎగ్జిట్ పోల్ జోలికి అసలు పోకు. పోలింగ్ ముందు రాత్రే వాట్సాప్‌లో పెద్ద పేపర్ల లోగోలతో 'ఫలానా అభ్యర్థి పోటీ నుంచి తప్పుకున్నారు' అని దొంగ క్లిప్పింగులు తిరుగుతాయి. ఆ తేదీ ఈ-పేపర్ తెరిచి చూడు, అందులో లేకపోతే దొంగదే. కరపత్రం దొరికితే తిప్పి అడుగున చూడు. అచ్చువేసిన ప్రెస్ పేరు, అచ్చు వేయించినవాళ్ల పేరు లేకపోతే అదే ఒక వార్త.

పోలింగ్ రోజు ఎన్నికల సంఘం ఇచ్చే అనుమతి పత్రం లేకపోతే బూత్ లోపలికి వెళ్లకు. పత్రం ఉన్నా ఓటు వేసే చోటు వైపు కెమెరా తిప్పకు. సాయంత్రం పోలింగ్ ముగిశాక ప్రిసైడింగ్ అధికారి ఆ బూత్‌లో పడిన ఓట్ల లెక్క రాసే ఫారం 17సీ నింపి, అక్కడున్న ఏజెంట్లకు నకలు ఇస్తారు. రెండు పార్టీల ఏజెంట్ల దగ్గరా ఆ కాగితం చూడు. అంకెలు కలిస్తేనే ఆ బూత్‌లో ఇన్ని ఓట్లు పడ్డాయని చెప్పు. 'తొంభై శాతం దాటిందంట' అనే మాటలు టీకొట్టు దగ్గరే వదిలెయ్యి.

ఇక మీ అమ్మ భయం. అది ఉత్తదేమీ కాదు. 2024 ఫిబ్రవరిలో రాప్తాడు బహిరంగసభలో ఒక ఫొటోగ్రాఫర్‌ని కొట్టారు. అదే ఏడాది మే 13న పోలింగ్ అయ్యాక తాడిపత్రిలో రాళ్లు రువ్వుకున్నారు. ఒంటరిగా వెళ్లకు. బండిని రోడ్డు వైపు తిప్పి పెట్టు. తీసిన వీడియో అక్కడి నుంచి కదిలేలోపే మీవాళ్లకు పంపెయ్యి. గుంపు కదిలిందంటే కెమెరా దింపి పక్కకు తప్పుకో.

నీవల్ల తప్పు జరిగితే, అది ఎక్కడ చెప్పావో అక్కడే, అంతే పెద్దగా సరిదిద్దు. ఇది మరిచిపోకు.

నా వంతు ఏడాది చందా 600 రూపాయలు ఇవాళ నీ ఖాతాకు పంపాను. మేనమామ అని నా పేరు జాబితాలోంచి తప్పించొద్దు, బంధుత్వం కూడా పక్కనే రాయి. రసీదు పంపు.

మీ అమ్మకు రేపు నేను ఫోన్ చేస్తాను.

మామయ్య