కార్సెట్ కుదరలేదు... డబ్బు తిరిగొస్తుందా?

ప్రశ్న: మేం బర్మింగ్‌హామ్‌లో ఉంటాం. 1880ల నాటి వేషం కోసం కార్సెట్లు (స్టీలు బద్దలు పెట్టి, వెనక లేసులతో నడుమును బిగించే పాతకాలపు దుస్తులు) కుట్టే ఒకావిడ దగ్గర 340 పౌండ్లకు కార్సెట్ చేయించుకున్నాను. కొలతలు ఈమెయిల్‌లో పంపాను. ముందు మామూలు గుడ్డతో నమూనా కుట్టి పంపితే, టీషర్టు మీదే ఓసారి వేసుకుని ‘ఓకే’ అన్నాను. అసలుది వచ్చి 40 రోజులైంది. తుంటి దగ్గర స్టీలు బద్దలు గుచ్చుకుంటున్నాయి. ఫంక్షన్‌లో మధ్యలోనే విప్పేయాల్సి వచ్చి ఏడ్చేశాను. ఆవిడేమో ‘కస్టమ్ ఆర్డర్, రిఫండ్ లేదు’ అంటోంది. పార్సిలే రాలేదని బ్యాంకుకు చెప్పి డబ్బు వెనక్కి తెచ్చుకోమంటోంది నా ఫ్రెండ్. నా అవమానానికి పరిహారం కూడా అడగొచ్చా?

జవాబు: ఫంక్షన్ సంగతి పక్కన పెట్టండి. ఇలాంటి తగాదాల్లో మనసు నొచ్చుకున్నందుకు ఇంగ్లండ్ కోర్టులు మామూలుగా డబ్బు ఇప్పించవు. మీ కేసు తేలేది ఒక్కచోటే: మీరు పంపిన కొలతలకూ ఆవిడ కుట్టినదానికీ పొంతన ఉందా, లేదా?

కార్సెట్‌ను బల్ల మీద పరిచి పక్కటెముకల దగ్గర, నడుము దగ్గర, తుంటి దగ్గర కొలవండి. టేపు మీద అంకెలు కనబడేలా ఫొటోలు తీయండి. నడుము కొలత ఒంటికన్నా తక్కువే ఉంటుంది, బిగించడానికేగా కార్సెట్. తుంటి అలా కాదు, వెనక లేసుల దగ్గర వదిలే ఖాళీ పోను ఒంటికి దాదాపు సరిపోవాలి. తర్వాత పల్చటి లోచొక్కా మీద వేసుకుని వీపు ఫొటో తీయించుకోండి. ఆ ఖాళీ పైనుంచి కిందిదాకా సమానంగా ఓ రెండంగుళాలు ఉంటే అది తప్పు కాదు. పైన దగ్గరగా, కింద వెడల్పుగా ఉంటే తుంటికి గుడ్డ చాలలేదని అర్థం. ఈమెయిల్‌లో తుంటి కొలత మీరు సరిగ్గా ఇచ్చి ఉంటే అదే మీకు గట్టి సాక్ష్యం. కూర్చున్నప్పుడు మాత్రమే గుచ్చుకుంటుంటే అది పొడవు సమస్య. కూర్చుని తీసే కొలత ఆవిడ అడిగిందా, మీరు ఇచ్చారా, చూసుకోండి.

ఇంతకీ టీషర్టు మీద వేసుకుని ‘ఓకే’ అనడమేమిటండీ? లేసులు బిగించి, కుర్చీలో కూర్చుని, వంగి చూడటానికే ఆ నమూనా పంపేది. రేపు ఆవిడ మొదట చూపించేది మీ ‘ఓకే’నే. నమూనా మీ దగ్గరుంటే పారేయకండి, దాన్నీ కొలవండి. అసలుదానికీ దానికీ తేడా ఉంటే ‘ఓకే’ ఆవిడకు పెద్దగా పనికిరాదు. తేడా లేకపోతే మీ కేసు బలహీనమే.

కస్టమ్ ఆర్డర్‌కు 14 రోజుల్లో మనసు మార్చుకునే హక్కు లేదు, అంతవరకు ఆవిడ మాట నిజం. కానీ చెప్పిన కొలతలకు కుట్టకపోతే 2015 వినియోగదారుల హక్కుల చట్టం వర్తిస్తుంది, ఆవిడ ఇది వ్యాపారంగా చేస్తుంటేనే సుమా. వెంటనే తిప్పి పంపి పూర్తి డబ్బు అడిగే గడువు 30 రోజులు, అది మీరు పోగొట్టుకున్నారు. ఇక సరిచేయమనో మళ్లీ కుట్టమనో అడగాలి. అప్పటికీ కుదరకపోతే తిరిగిచ్చేయొచ్చు, లేదా ధర తగ్గించమనొచ్చు. వచ్చిన ఆరు నెలల్లోపు లోపం బయటపడితే, అది మొదట్నుంచీ లేదని నిరూపించాల్సింది ఆవిడే. దావాకు ఆరేళ్ల గడువుందని మాత్రం తాత్సారం చేయకండి.

పార్సిల్ రాలేదని బ్యాంకుకు చెప్పారో, 2006 మోసాల చట్టం కింద మీరే నేరస్తులవుతారు. కార్సెట్ కుదరలేదని ఆవిడకు మీరు రాసిన మెయిలే మిమ్మల్ని పట్టిస్తుంది. 340 పౌండ్లలో కొంతైనా క్రెడిట్ కార్డుతో నేరుగా ఆవిడకు కట్టి ఉంటే, 1974 వినియోగదారుల రుణ చట్టం సెక్షన్ 75 కింద ఆ కార్డు ఇచ్చిన బ్యాంకునే నిజం చెప్పి డబ్బు అడగొచ్చు. అలాగే ఎవరో దర్జీ చేత కుట్లు విప్పించి ముక్క వేయించకండి. అప్పుడు తప్పు ఎవరిదో తేల్చే దారే ఉండదు.

ఈ వారమే ఆవిడకు 14 రోజుల గడువుతో లేఖ రాయండి. ఒక వరుసలో మీరు పంపిన కొలతలు, పక్కన వస్తువు కొలతలు, కింద ఫొటోలు. ఏడ్చిన సంగతి అందులో వద్దు. జవాబు రాకపోతే స్మాల్ క్లెయిమ్స్‌లో (చిన్న మొత్తాల తగాదాలు తేల్చే కోర్టు పద్ధతి) ఆన్‌లైన్‌లోనే దావా వేయొచ్చు, లాయరు అక్కర్లేదు.