కృతిభర్త, గండపెండేరం, అగ్రహారం... పాత కావ్యాల్లో సన్మానాల మాటలు గుర్తుండాలంటే ఏం చేయాలి?

తమ్ముడూ, ఎంత బట్టీ పట్టినా ఈ మాటలు పరీక్ష అయ్యేదాకా కూడా నిలవట్లేదు అన్నావు. నేనూ కడపలోనే ఎమ్మే తెలుగు చదివినా, ఇప్పుడు పిల్లోళ్లకు పాఠం చెప్తాండా, నిఘంటువు ముందరేసుకుని కూర్చుంటే ఇవి ఎవరికీ రావు. ఎవరు ఎవరికి ఏమిచ్చినారు అని అడుగుతా చదువు, అప్పుడు పట్టు దొరుకుతాది.

ముందు పెద్దన చాటుపద్యం, అంటే కావ్యంలో చేరకుండా సందర్భాన్నిబట్టి విడిగా చెప్పిన పద్యం, నోటికి పట్టు, రాయలు పోయినాక ఏడుస్తా చెప్పినాడంటారే, ఎదురైనచో తన మదకరీంద్రము డిగ్గి అని, అదే. రాయలు ఏనుగు దిగి చెయ్యి ఊతమిచ్చి ఎక్కించుకున్నాడు, మనుచరిత్ర అందుకునే పొద్దు పల్లకి తన చేత్తో పట్టి ఎత్తినాడు, గండపెండేరం, అంటే గొప్ప కవికి బిరుదుగా ఇచ్చే కాలి కడియం, తానే కవి కాలికి తొడిగినాడు, కోకట గ్రామం మొదలుకొని అగ్రహారాలిచ్చినాడు, అంటే పన్ను లేకుండా బ్రాహ్మణులకు రాసిచ్చే ఊళ్లు. ఆ కోకటం మన కమలాపురం దిక్కుదే అంటారు, నాకైతే అది విన్నాక ఆ పద్యం మా ఇంటిదే అనిపించింది. రాసిన పెద్దన కృతికర్త, అంకితం పుచ్చుకున్న రాయలు కృతిభర్త, కృతిపతి అన్నా ఆయనే. షష్ఠ్యంతాలు అంటే భయపడాకు, అవతారిక, అంటే కావ్యం మొదట్లో ఉండే పీఠిక, దాని చివర్లో కృతిపతిని పొగుడుతా ఫలానా గుణాలున్నవానికి, ఫలానా వంశంవానికి అని పద్యాలన్నీ కున్ కున్ అని ముగుస్తాయి చూడు, అవే.

తర్వాత లేపాక్షికి పో. అచ్యుతరాయల కాలంలో పెనుకొండలో అధికారం చేసిన విరూపణ్ణ, వీరణ్ణ అన్నదమ్ములు కట్టించిన గుడి అది, మండపం పైకప్పులో వాళ్లిద్దరూ పొడుగు కుళ్లాయిలు పెట్టుకుని పరివారంతో నిలబడి ప్రసాదం తీసుకుంటా ఉంటారు. కావ్యంలో షష్ఠ్యంతాల్లో దూరే పోషకుడు అక్కడ బొమ్మలోనే దూరినాడన్నమాట. ఆ బొమ్మల్లోని చీరల అంచులు కూడా చూడు, ఇప్పటికీ లేపాక్షి డిజైన్ అని నేస్తారు.

ఇంక 1820లో కడపకొచ్చిన ఇంగ్లీషు అధికారి సి.పి. బ్రౌన్ దొర సంగతి వేరే. అగ్రహారాలు లేవు, పల్లకీ లేదు, పండితులను బంగళాలో పెట్టుకుని సొంత డబ్బుతో నెలనెలా జీతమిచ్చి తాళపత్రాలకు శుద్ధప్రతులు రాయించినాడు. అక్కడ నేర్చుకోవాల్సిన మాటలు పాఠాంతరం (ఒక్కో ప్రతిలో మాట ఒక్కోరకంగా ఉండడం), పరిష్కరణ (ప్రతులు పోల్చి తప్పులు దిద్దడం), లేఖకుడు (ప్రతి రాసేవాడు). వేమన పద్యాలు 1829లో అచ్చులోకొచ్చినాయంటే ఆయన చలవే, అందుకే నాకు ఆ మనిషంటే రాయలంత గౌరవం. ఆ బంగళా ఉన్న చోటే ఇప్పుడు బ్రౌన్ లైబ్రరీ, నువ్వుండేది కడపలోనే కాబట్టి మొదట అక్కడికే పో. లేపాక్షికి మాత్రం ఎండ బాగున్న రోజు చూసుకో, మబ్బు పడితే పైకప్పు బొమ్మలు సరిగా కనపడవు.