మీ ప్రశ్నకు మా జవాబు: ఇంటి జీడిమామిడి

ప్రశ్న: అన్నా, మాది తాడిపత్రి పక్కన పల్లె. పెరట్లో రెండు జీడిమామిడి చెట్లున్నాయి. పోయిన వేసవిలో మా చిన్నోడు ఎవరూ చూడకుండా పచ్చి గింజ కొరికేశాడు, పెదవంతా బొబ్బలెక్కి మూడు రోజులు అన్నం తినలేకపోయాడు. చెట్లు కొట్టేయమంటోంది మా అత్త. అంగట్లో అంత రేటు పలికే పప్పు ఇంట్లోనే కాస్తుంటే కొట్టడానికి మనసు రావట్లేదు. గింజ ఎలా ఒలవాలో చెప్పండి.

జవాబు: చెట్లు కొట్టొద్దని నా మాటగా అత్తమ్మకు చెప్పమ్మా. కానీ గింజ ఇంట్లో ఒలిచే ఆలోచన కూడా మానుకో.

మామిడికాయ తొడిమ తుంచగానే చిమ్మే సొన మూతికి తగిలితే పొక్కుతుంది కదా, జీడిమామిడిదీ అదే కుటుంబం, వెనకటికి బట్టలు ఉతికేవాళ్లు గుర్తు పెట్టే నల్లజీడిదీ అదే. ఈ గింజ పెంకులో తేనెతుట్టెలాంటి చిన్న చిన్న గదులుంటాయి, వాటి నిండా చర్మాన్ని కాల్చే జిగురు నూనె. బండ్ల బ్రేకుల్లో, రంగుల్లో వాడేది దీన్నే. అలాంటిది పసివాడి పెదవి ఏం తట్టుకుంటుంది? ఇంకెప్పుడైనా తగిలితే వెంటనే సబ్బుతో కడిగేయండి, బొబ్బలొస్తే ఆస్పత్రికే.

కాల్చి ఒలవచ్చు అంటారు చాలామంది. నేనూ చేశాను. మా పెదనాన్న కల్లంలో చిల్లుల రేకు డబ్బాలో గింజలు పోసి కింద మంట పెట్టాం. కాసేపటికి పెంకులు బుసబుసమని నూనె కక్కి వాటంతటవే అంటుకున్నాయి. బూడిద చల్లి ఆర్పి, రాయితో కొడితే పప్పు వచ్చింది, రుచి సంగతి చెప్పక్కర్లేదు, కానీ ఆ పొగ తగిలిన నా మొహం తెల్లారేసరికి పూరీలా పొంగింది. వంటింట్లో మాత్రం ఆ పని చేయొద్దు. గింజలు రెండు మూడు రోజులు ఎండబెట్టి, కొనేవాళ్లు దొరికితే పెంకుతోనే అమ్మేయండి.

మీరు పారేస్తున్న పండే అసలు లాభం. నిజానికి అది పండు కాదు, ఉబ్బిన కాడ, అసలు కాయ అంటే దాని కింద వేలాడే గింజే. నారింజ కంటే సి విటమిన్ బాగా ఎక్కువ. చేతికి కొబ్బరినూనె రాసుకుని గింజ తీసేసి, పండు కడిగి, కోసి ఉప్పు కారం అద్దుకోండి. వగరు గొంతు పట్టేస్తే రసం పిండి, చల్లారిన పలచటి గంజి కలిపి రాత్రంతా కదపకుండా ఉంచండి, వగరు చాలావరకు అడుగుకు దిగుతుంది, పైన తేటను వంచుకుని తాగండి. రాలిన రోజే వాడాలి, మర్నాటికి పాడవుతుంది. గోవాలో దీంతోనే ఫెనీ కాస్తారు (మనం అంత దూరం వెళ్లొద్దులే). బట్టల మీద పడితే మరక వదలదు, పాత చొక్కా వేసుకోమనండి చిన్నోడిని.

ప్రశ్న: కడప జిల్లాలో నాకు మూడెకరాల ఎర్రనేల ఉంది సార్. శనక్కాయతో విసిగిపోయాను. జీడిమామిడి పెట్టమంటారా?

జవాబు: మొత్తం ఒక్కసారే మార్చొద్దు, ఒక ఎకరంతో చూడండి. వానకు వదిలేసినా బతికే చెట్టే, కానీ మన వానలకు బతకడం వేరు, కాపు వేరు. మొదటి ఏళ్లలో డ్రిప్ ఉండాలి, నీళ్లు నిలిచే చోటు పనికిరాదు. గింజ నాటొద్దు, అంటు మొక్కలు తెచ్చుకోండి, బాపట్ల పరిశోధన స్థానం ఇచ్చిన బి.పి.పి-8 లాంటి రకాలు అయితే మూడో ఏడు నుంచే కాపు మొదలవుతుంది. ఏడెనిమిది మీటర్ల ఎడం వదిలి ఆ మధ్యలో ఉలవలో, మీకు విసుగొచ్చిన ఆ శనక్కాయో వేసుకోండి, పెట్టుబడి చేతికొస్తుంది. కొత్త చిగురు, పూత టైంలో టీ దోమ అనే రసం పీల్చే పురుగు వస్తే చిగుళ్లు మాడిపోతాయి, అప్పుడు వారానికోసారైనా తోటంతా తిరగాలి.

ప్రశ్న: కర్నూలు అంగట్లో జీడిపప్పును 240, 320 అంటారు, ఏంటవి?

జవాబు: ఒక పౌనుకు, అంటే 454 గ్రాములకు, తూగే గుండు పప్పుల లెక్క. అంకె తగ్గేకొద్దీ పప్పు పెద్దది, ధరా పెద్దదే. రుచిలో తేడా ఏం లేదు. పాయసంలోకైతే బద్దలు కొనండి, ఎలాగూ తుంచే వేస్తారు.