జాంబీ ఆటలో 12 గంటలకు 4 గంటల సరుకే వస్తోందన్న ప్రశ్నకు సమాధానం

ఫోన్‌లో ఆడే జాంబీ ఆట మూసి ఉన్నా శిబిరంలోని గని నుంచి ఇనుము వస్తూ ఉండాలి కదా, బ్యాటరీ సెట్టింగు ఆటను ఆపేస్తోందా అని మీరు అడిగారు. ఉదయం 8 గంటలకు డ్యూటీకి వెళ్ళి రాత్రి 8 గంటలకు ఆట తెరిస్తే 4 గంటల ఇనుమే కనిపిస్తోందంటే, లోపం మీరు అనుమానించినట్లు బ్యాటరీ సెట్టింగులో లేదు. మీ శిబిరంలోని గిడ్డంగి మధ్యాహ్నానికే నిండిపోతోంది. ఇలాంటి ఆటలు సాధారణంగా వెనుక నడుస్తూ ఉండవు, మీరు మళ్ళీ తెరిచినప్పుడు గడిచిన సమయాన్ని లెక్కగట్టి, గిడ్డంగి పట్టినంత మేరకే సరుకు జమ చేస్తాయి. ఫోన్‌ను రోజంతా ఛార్జింగులో ఉంచడం వల్ల వేడెక్కడం తప్ప ప్రయోజనం ఉండదు.

1. గిడ్డంగి సామర్థ్యాన్ని గంటకు వచ్చే ఉత్పత్తితో భాగించండి. సామర్థ్యం 2,400, ఉత్పత్తి 600 అయితే అది 4 గంటలకే నిండుతుంది.

2. చాలామంది వదిలేసే మెట్టు ఇదే: చేతికొచ్చిన ఇనుమంతా తుపాకులకూ గనికీ పోస్తారు. గిడ్డంగిని పెంచకుండా గని ఉత్పత్తిని రెట్టింపు చేస్తే, అది 2 గంటలకే నిండుతుంది తప్ప రాత్రికి మీకు ఒక్క ముక్క కూడా అదనంగా రాదు. కాబట్టి ముందుగా గిడ్డంగి స్థాయినే పెంచండి.

3. అప్పటివరకు, మధ్యాహ్నం క్యారేజీ విప్పేటప్పుడు ఒక్కసారి తెరిచి సరుకు తీసుకోండి. ఆ ఒక్క నిమిషంతో 8 గంటల సరుకు దక్కుతుంది.

4. ఎక్కువ సమయం పట్టే నిర్మాణాలను పడుకునే ముందు మొదలుపెట్టండి.