మండలి ఒప్పుకోకపోయినా సీఆర్డీఏ రద్దు ఎలా చట్టమైంది?

మన తిరుపతికి తుడా (పట్టణాభివృద్ధి సంస్థ) ఎలాగో, అమరావతికి సీఆర్డీఏ (రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ) అలాగ. తేడా ఏమిటంటే, దాన్ని నమ్మి రైతులు 33 వేల ఎకరాలకు పైగా భూమి ఇచ్చారు. 2020 జనవరిలో దాని రద్దు బిల్లు అసెంబ్లీ దాటినా, ప్రతిపక్షానికి బలమున్న శాసన మండలిలో ఆగింది. మండలి ఛైర్మన్ దాన్ని పరిశీలన కోసం సెలెక్ట్ కమిటీకి పంపుతున్నట్టు ప్రకటించారు.

కానీ మండలికి ఆపే అధికారం లేదు, ఆలస్యం చేసే అధికారమే ఉంది. రాజ్యాంగం 197వ అధికరణం ప్రకారం మూడు నెలలు దాటితే అసెంబ్లీ బిల్లును మళ్లీ ఆమోదించవచ్చు. ఆ తర్వాత నెల గడిస్తే, మండలి ఏమీ తేల్చకపోయినా, ఉభయ సభలూ ఆమోదించినట్టే లెక్క. జూన్‌లో అసెంబ్లీ రెండోసారి ఆమోదించింది, జూలై 31న గవర్నర్ సంతకమైంది.

2021 డిసెంబర్‌లో ఆ రైతులు తుళ్లూరు నుంచి నడిచి మన ఊరికి వచ్చారు. అలిపిరి దగ్గర పచ్చ కండువా వేసుకున్న ఒక పెద్దామె మెట్టు మీద కూర్చుని అరికాళ్లకు గుడ్డ కట్టుకుంటుంటే చూశాను. అప్పటికే, నవంబర్‌లోనే, ప్రభుత్వం ఆ రద్దు చట్టాన్ని వెనక్కి తీసుకుంది. అయినా వాళ్లు నడక ఆపలేదు, ఎందుకంటే మళ్లీ కొత్త బిల్లు తెస్తామని ప్రభుత్వమే సభలో చెప్పింది.