మా అమ్మాయి ఎలుక వేషం కట్టిన డిసెంబర్

మీ ప్రశ్న చదవగానే నవ్వొచ్చింది. తొమ్మిదేళ్ల పాప ఇంగ్లండ్‌లో క్రిస్మస్ పాంటోమైమ్‌కి సెలెక్ట్ అయింది, డిసెంబర్ నెలకి ఇండియా టికెట్లు ఎప్పుడో తీసేసి ఉన్నాయి, వేషం చూస్తే గుంపులో గోవింద, దీనికోసం ప్రయాణం మానుకోవాలా అని అడిగారు. రెండేళ్ల క్రితం సరిగ్గా ఈ పంచాయితీయే మా ఇంట్లో వారం రోజులు నడిచింది. మా అమ్మాయికి అప్పుడు ఎనిమిదేళ్లు. సిండ్రెల్లా కథ. అందులో ఎలుక.

ముందు సూటిగా చెప్పేస్తాను. పాప నిజంగా ఆడాలనుకుంటుంటే ఆడనివ్వండి, టికెట్లు మార్చుకోండి. కానీ ఒప్పుకున్నాక సగం సగం కుదరదు. "మధ్యలో ఓ పది రోజులు ఊరెళ్లొస్తాం" అని మేమూ అడిగి చూశాం. నాటకం వాళ్ల తరఫున మాట్లాడే ఆవిడ మర్యాదగా నవ్వి, షోల పట్టిక మా చేతిలో పెట్టింది. డిసెంబర్ మొదటి వారం నుంచి జనవరి మొదటి ఆదివారం దాకా 46 షోలు. పిల్లలు రెండు టీములుగా వంతులవారీగా ఆడతారు, అందులో మా అమ్మాయి టీమ్‌కి 23. క్రిస్మస్ రోజు మాత్రమే పూర్తి సెలవు. 26న రెండు షోలు. ఆ రోజు ఇక్కడ రైళ్లు దాదాపు ఉండవు కాబట్టి కారు లేనివాళ్లు ఇంకొకరిని బతిమాలుకోవాలి.

ఇండియా నుంచి చదివేవాళ్ల కోసం ఒక మాట. పాంటోమైమ్ (ఇక్కడ ముద్దుగా పాంటో) అన్న పేరు చూసి మూకాభినయం అనుకోకండి. ఇంత గోలగా ఉండే నాటకం నేనింకెక్కడా చూడలేదు. విలన్ వెనక నుంచి వస్తుంటే హాలంతా "నీ వెనకే ఉన్నాడు" అని అరుస్తుంది. నటుడు "లేడు" అంటే జనం "ఉన్నాడు" అంటారు. నటులకి ఎడమ చేతి వైపు నుంచి విలన్, కుడి చేతి వైపు నుంచి మంచి దేవత ప్రవేశించడం ఆనవాయితీ. సిండ్రెల్లా సవతి అక్కలుగా మగవాళ్లు గౌన్లు తొడుక్కుని, బుగ్గల నిండా రంగు పూసుకుని వస్తారు.

ఈ సంగతి మా అత్తగారికి ఫోన్‌లో ఎలా చెప్పాలా అని మా ఆయన తెగ మొహమాటపడ్డాడు. ఆవిడది కృష్ణా జిల్లా. మొత్తం విని, "ఇందులో వింతేముందిరా? కూచిపూడిలో వేదాంతం సత్యనారాయణ శర్మ గారు సత్యభామ వేషం కడితే ఆడవాళ్లమే కళ్లార్పకుండా చూసేవాళ్లం" అంది. లండన్‌లో డాన్ లెనో అనే నటుడు 1888 నుంచి డ్రూరీ లేన్ థియేటర్‌లో ఏటా పాంటో కట్టి, ఇలాంటి ఆడవేషాలతోనే పెద్ద పేరు తెచ్చుకున్నాడని తర్వాతెప్పుడో చదివి ఆవిడకి చెప్పాను. "చూశావా మరి" అంది. ఆవిడ అభ్యంతరం వేరే. "అంత దూరం వెళ్లి, చివరికి ఎలుక వేషమా?"

ఇక స్కూల్ సంగతి. మీరు దీనికే ఎక్కువ టెన్షన్ పడుతున్నారు గానీ, అసలు తేలికైంది ఇదే. ఇక్కడ స్కూల్ వయసు పిల్లలు ఇలాంటి ప్రదర్శనల్లో ఆడాలంటే మీరుండే ఊరి కౌన్సిల్ లైసెన్స్ ఇవ్వాలి. 1963 నాటి చట్టం, దాని కింద 2014లో వచ్చిన నిబంధనలు. అప్లికేషన్ పెట్టేది నాటకం వాళ్లే. మన పని సంతకాలు, వయసు రుజువుకి జనన ధృవీకరణ పత్రమో పాస్‌పోర్టో, ఫోటో, స్కూల్ పోయే రోజులుంటే హెడ్‌టీచర్ ఉత్తరం. కనీసం 21 రోజుల ముందు కాగితాలు చేరకపోతే కౌన్సిల్ కాదనొచ్చు, అందుకని వాళ్లు అడిగినవి అడిగిన రోజే పంపేయండి. పాస్‌పోర్ట్ రెన్యువల్‌కి పంపాం, రాగానే ఇస్తాం లాంటి కథలు అక్కడ చెల్లవు. మేం చెప్పి చూశాం.

గంటలకీ లెక్కుంది. ఐదు నుంచి ఎనిమిదేళ్ల పిల్లలు రోజుకి 8 గంటలకి మించి థియేటర్‌లో ఉండకూడదు, తొమ్మిదేళ్లు నిండితే తొమ్మిదిన్నర. రాత్రి 11 దాటకూడదు. లోపల పిల్లల్ని చూసుకోడానికి షాపరోన్‌లు ఉంటారు. కౌన్సిల్ అనుమతి పొందినవాళ్లు, ఒక్కొక్కరి చేతి కింద 12 మందికి మించి పిల్లలుండరు. మా వాళ్లని చూసినావిడ రిటైరైన టీచర్. స్టేజ్ డోర్ దగ్గర సంతకం పెట్టి పిల్లని అప్పగిస్తే, అక్కడితో మన అధికారం సరి. జడ సరిచేసి వస్తానన్నా లోపలికి పంపరు. మొదటి రోజు నాకు ఉక్రోషం వచ్చింది. మూడో వారానికల్లా, ఇంట్లో కూడా అలాంటి మనిషి ఒకరుంటే బాగుండు అనిపించింది.

ఇందులో ఒక చమత్కారం. పెద్దవాళ్లని చూడ్డానికి ఊరెళ్తున్నాం, ఐదు రోజులు సెలవివ్వండి అంటే స్కూల్ ఒప్పుకోదు. అయినా వెళ్తే తల్లికీ తండ్రికీ విడివిడిగా, పిల్లకి 80 పౌండ్ల చొప్పున జరిమానా పడొచ్చు, 21 రోజుల్లో కట్టకపోతే 160. అదే ఎలుక వేషం కోసం మధ్యాహ్నం పూట వెళ్తే అది అనుమతి ఉన్న సెలవు. మా ఆయన ఈ విషయం కనీసం పది మందికి చెప్పి ఉంటాడు.

డబ్బు గురించి కూడా అడిగారు కాబట్టి: పిల్లకి చివర్లో కొంచెం ఇచ్చారు, అది పార్కింగ్‌కి చాలలేదు. మనం చూడాలంటే టికెట్ కొనుక్కోవాల్సిందే.

మా వల్ల జరిగిన ఒక పొరపాటు చెబుతాను, మీకు పనికొస్తుంది. నవంబర్ చివర్లో తెలిసినవాళ్లింట్లో ఫంక్షన్‌కి వెళ్తే అక్కడ మెహందీ పెడుతున్నారు. మా అమ్మాయి రెండు చేతులకీ మోచేతుల దాకా పెట్టించుకుంది. బ్రహ్మాండంగా పండింది. నాలుగు రోజుల్లో డ్రెస్ రిహార్సల్. ఎలుక సీన్‌లో చేతులకి తొడుగులుంటాయి, ఫర్వాలేదు. కానీ రాజమహల్ సీన్‌లో అదే పిల్లలు తెల్ల గౌన్లలో, ఉత్త చేతులతో లాంతర్లు పట్టుకుని రావాలి. షాపరోన్ ఆవిడ ఏమీ అనలేదు. రోజూ షోకి ముందు పావుగంట కూర్చుని ఆ చేతులకి ఫౌండేషన్ పూసింది. రెండో వారంలో నేను క్షమాపణ చెబితే, "నాకైతే ఆ డిజైన్ భలే నచ్చింది, కప్పేయడానికి బాధగా ఉంది" అంది. చెవులు కుట్టించే ఆలోచన ఏమైనా ఉంటే అదీ జనవరికి వాయిదా వేయండి. కొత్తగా కుట్టించిన చెవి నుంచి కమ్మ తీయలేం, స్టేజి మీద ఉంచనివ్వరు.

జబ్బు చేస్తే ఎలా అని కూడా అడిగారు. చేస్తుంది. డిసెంబర్‌లో పాతిక మంది పిల్లలు ఒకే గదిలో బట్టలు మార్చుకుంటే చేయక ఏమవుతుంది? మా పిల్లకి ఒక శుక్రవారం జ్వరం, వాంతులు. ఫోన్ చేస్తే రెండో టీమ్ నుంచి ఒకమ్మాయిని తెచ్చుకున్నారు. షో ఆగలేదు, ఎవరూ మమ్మల్ని ఏమీ అనలేదు. మాది మాత్రం రాత్రంతా ఏడ్చింది. జ్వరానికి కాదు. "నేను లేకపోయినా సరిపోయిందంట కదా" అని. దానికి ఏం చెప్పాలో నాకు తెలియలేదు, ఇప్పటికీ తెలియదు.

ఇంతవరకూ మీరు అడిగినవి. అడగనిది ఒకటుంది. మీ ప్రశ్నలో చివరన "చిన్నాడు కూడా ఉన్నాడు, వాడికి ఐదేళ్లు" అని రాసి వదిలేశారు. అసలు విషయం అక్కడుంది.

మావాడికీ అప్పుడు ఐదేళ్లే. కొత్తగా స్కూల్లో చేరాడు. డిసెంబర్‌లో ఇక్కడ చిన్న క్లాసుల పిల్లలు ఏసు పుట్టిన కథని నాటకంగా వేస్తారు. వాడిది గొర్రె వేషం. బుధవారం మధ్యాహ్నం రెండు గంటలకి. అదే రోజు అక్కకి మ్యాటినీ, పావుతక్కువ ఒంటిగంటకల్లా థియేటర్‌లో ఉండాలి. మా ఆయనకి ఆఫీసులో తప్పించుకోలేని పని. నేను లెక్క వేసుకున్నాను: పోవడానికి నలభై నిమిషాలు, రావడానికి నలభై, ఇంకా అరగంట మిగులుతుంది. తీరా వెళ్లాక మా అమ్మాయి బూట్లు కనపడలేదు. ఇంట్లోనే మర్చిపోయామా, కార్లో ఉన్నాయా అని వెతికి, సీటు కింద దొరికితే ఇచ్చి బయల్దేరేసరికి ఆలస్యం. దార్లో రోడ్డు పని.

నేను స్కూల్ చేరేసరికి పిల్లలు వరసగా హాల్లోంచి బయటికొస్తున్నారు. మావాడి తలకి అట్టతో, దూదితో చేసిన చెవులు. ఒకటి ఊడి చేతిలో ఉంది. ఏడుపేమీ లేదు, మంచి హుషారుగా ఉన్నాడు. "అమ్మా, నేను రెండుసార్లు బ్యా అన్నాను. నువ్వు వెనకాల కూర్చున్నావా? నాకు కనపడలేదు" అన్నాడు.

"ఆఁ, వెనకాలే" అన్నాను.

23 షోల్లో నేను నాలుగు చూశాను. వాడిది ఒకటే షో, పదిహేను నిమిషాలు. ఆ చూసిన నాలుగింట్లోనూ మా అమ్మాయి ఏ ఎలుకో కనిపెట్టడానికే నాకు సగం పాట అయిపోయేది, అందరికీ ఒకే మాస్కు. చివరికి మడమ చూసి పట్టుకున్నాను. చిన్నప్పటి నుంచీ నిలబడితే ఎడమ మడమ నేలకి ఆనించదు.

అందుకని ఇప్పుడే, లైసెన్స్ కాగితాల మీద సంతకం పెట్టకముందే, చిన్నవాడి స్కూల్ తేదీలు కనుక్కోండి. షోల పట్టిక పక్కన పెట్టుకుని, ఎక్కడ రెండూ ఒకే రోజు పడుతున్నాయో చూసి, ఆ రోజుకి పాపని దించే పని ఇంకో తల్లికి ముందే అప్పగించండి. ఆ తల్లులందరూ ఇదే అవస్థలో ఉంటారు, అడిగితే కాదనరు. నేను అడగలేదు. ఎవరినీ ఇబ్బంది పెట్టకూడదనే మన పద్ధతి ఒకటుందిగా.

పిల్లకి ఏం వచ్చింది అంటే, నాకు కనిపించినవి చెబుతాను. తనకి వంతు వచ్చేదాకా చీకట్లో కదలకుండా నిలబడటం వచ్చింది. నాటకంలో ఆఖరి రెండు పంక్తులు మొదటి షో దాకా రిహార్సల్‌లో ఎవరూ పలకరట, పలికితే అరిష్టమని ఒక నమ్మకం. మొదటి షో రాత్రి ఇంటికొచ్చేదాకా అవేమిటో మాకు చెప్పలేదు, ఎంత అడిగినా. రహస్యం ఒక్క గంట కూడా దాచలేని పిల్ల. ఆత్మవిశ్వాసం పెరుగుతుందా, పెద్దయ్యాక నటి అవుతుందా అనేవి నన్ను అడగకండి. ఇప్పుడు ఈత అంటోంది.

జనవరి మాత్రం గడ్డుకాలం. ఆదివారం సాయంత్రం చివరి షో, వీపు మీద అందరి సంతకాలున్న టీషర్టు, కౌగిలింతలు, ఏడుపులు. సోమవారం ఉదయం గుణకారాలు. రెండు వారాలు మా అమ్మాయి దేనికీ సరిగ్గా జవాబు చెప్పలేదు. మధ్యాహ్నం ఒకటిన్నర అవగానే "ఇప్పుడు పౌడర్ వేసేవాళ్లు" అనేది. నేను మొదట బుజ్జగించాను, తర్వాత విసుక్కున్నాను. రెండూ పనిచేయలేదు, అదే తగ్గింది.

మేం టికెట్లు ఈస్టర్ సెలవులకి మార్చుకున్నాం. తేడా డబ్బు బాగానే పడింది, ఎండలు అప్పటికే మొదలయ్యాయి. అత్తగారింట్లో మొదటి సాయంత్రమే ఎలుక డాన్స్ అడిగారు. హాల్లో మంచం జరిపి, ఫోన్‌లో పాట పెట్టి, ఇరుగుపొరుగు పిల్లల్ని పిలిచారు. మా అమ్మాయి మొదలుపెట్టిందో లేదో, తమ్ముడు మధ్యలో దూరాడు. సిండ్రెల్లాలో గొర్రె లేదని అక్క పోట్లాట. "ఉందిలే, మా రోజుల్లో ఉండేది" అని మా అత్తగారు తీర్పు చెప్పింది. వాడు నాలుగు కాళ్ల మీద గుమ్మం దాకా వెళ్లి, వెనక్కి తిరిగి రెండుసార్లు బ్యా అన్నాడు. నేను ముందు వరసలో చాప మీద కూర్చున్నాను.