పాస్‌పోర్ట్‌లో నోటు పెట్టకు

సింధూ,

మొన్న ఫోన్‌లో నువ్వడిగినదానికి "తర్వాత చెప్తాలే" అని పెట్టేశాను. పేషెంట్లు ఉన్నారని కాదు, రెండు ముక్కల్లో తేలేది కాదని. "మామయ్యా, రష్యాలో పోలీసులు రోడ్డు మీద ఆపి డబ్బులు గుంజుతారంటగా?" అన్నావు. వెనకాల మీ అమ్మ "అడుగు, అడుగు" అనడం కూడా వినపడింది. వారం రోజులుగా యూట్యూబ్‌లో ఏవేవో చూసి టెన్షన్ పెంచుకుంటోందట.

నా దగ్గర గుంజారు. ఆరేళ్లలో ఒక్కసారి. ఆ ఒక్కసారి కథనే పాతికేళ్లుగా పెళ్లిళ్లలో, గృహప్రవేశాల్లో చెప్పుకుంటూ తిరిగాను. మీ అమ్మ భయంలో సగం నా పుణ్యమే. అందుకే ఇప్పుడు మిగతావి కూడా చెప్పాలి.

నువ్విప్పుడు వెళ్తున్నట్టే నేను మెడిసిన్ చదవడానికి రష్యాలోని వోల్గోగ్రాద్ వెళ్లింది 1995లో. అంతకు ముందు నాకు తెలిసిన రష్యా అంతా తాతయ్య విశాలాంధ్ర బుక్ హౌస్ నుంచి తెచ్చిన పిల్లల పుస్తకాల్లోదే. ఆ బొమ్మల్లో మిలిత్సియా వాళ్లు (అప్పుడు పోలీసుల్ని అలా అనేవాళ్లు) ఎర్రటి బుగ్గలతో పిల్లల్ని రోడ్డు దాటిస్తూ ఉండేవాళ్లు. హాస్టల్లో దిగిన రాత్రే సీనియర్లు ఆ బొమ్మ చింపేశారు. "మెంత్ కనపడితే నవ్వు. పాస్‌పోర్ట్‌లో యాభై వేల నోటు మడిచి పెట్టుకో. అదే నీ అసలు వీసా" అన్నారు. కంగారుపడకు, అప్పట్లో డాలరుకు దాదాపు ఐదు వేల రూబుళ్లు వచ్చేవి, 1998 జనవరిలో మూడు సున్నాలు కొట్టేశారు. మెంత్ అంటే పోలీసుకి వీధి పేరు. వాళ్ల చెవిన పడితే తిట్టు కింద లెక్క. అది నీ నోటికి రానివ్వకు.

1997 జనవరి. ఆ ఊరు వోల్గా ఒడ్డు వెంబడి 60 కిలోమీటర్లకు పైగా సాగి ఉంటుంది. బస్సులో కునుకు తీస్తే ఇంకో ఊళ్లో లేచినట్టే. పరీక్ష కోసం రెండు రాత్రులు మేలుకున్న నేను అలాగే నిద్రపోయి దక్షిణం చివర క్రాస్నోఅర్మేయ్‌స్కీలో తేలాను. వోల్గా-డాన్ కాలువ మొదలయ్యేది అక్కడే. రాత్రి పదకొండున్నర దాటింది. తిరుగు బస్సు లేదు. చలి మైనస్ ఇరవై ఉంటుంది. టోపీ బస్సులోనే పోయింది. చెవులు ఉన్నాయో లేవో తడుముకుని చూసుకుంటున్నాను.

మిలిత్సియా జీపు ఒకటి మెల్లగా వచ్చి పక్కన ఆగింది. అద్దం దించి "దకుమెంతి" అన్నాడు మీసాలాయన. పాస్‌పోర్ట్ ఇచ్చాను, లోపల సీనియర్ల సలహా మడత పెట్టే ఉంది. టార్చి వేసి చూశాడు. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అన్నంలో వెంట్రుక తీసినట్టు రెండు వేళ్లతో ఆ నోటు బయటికి తీసి, నా కోటు పై జేబులో కుక్కి, పైనుంచి రెండుసార్లు తట్టాడు. వీసా గురించి అడగలేదు. "గ్ద్యె షాప్కా?" అన్నాడు. టోపీ ఏదీ అని.

వెనక సీట్లో కూర్చోబెట్టారు. తాగి పడిపోయినవాళ్లను వేసుకెళ్లే చోటు, పెట్రోలు కంపు, ఇంకేవో కంపులు. స్టేషన్‌కే తీసుకెళ్తున్నారని దారంతా లెక్కలు వేసుకున్నాను. నలభై నిమిషాల తర్వాత జీపు ఆగింది మా హాస్టల్ ముందు. తలుపు దగ్గర కాపలా ఉండే ముసలావిడ, వఖ్త్యోర్షా అంటారు, నన్ను కడిగేసి, ఆ ఊపులోనే ఆ మీసాలాయన్ని కూడా కడిగేసింది, ఇంత రాత్రి తలుపు కొడతారా అని. ఆయన టోపీ తీసి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

ఈ కథ నేనెప్పుడూ ఏ పెళ్లిలోనూ చెప్పలేదు. ఎందుకో తెలుసా? ఇందులో వెధవని నేను. ఆయన అడగకుండానే లంచం పెట్టింది నేను.

పెళ్లిళ్లలో చెప్పింది రెండోది. 1998 అక్టోబరు, మాస్కో. పొద్దున్నే రైలు దిగి, ఒక మెట్రో స్టేషన్ బయటికి వచ్చాను. ఇద్దరు కుర్ర మిలిత్సియా వాళ్లు ఆపారు. నీ రిజిస్ట్రేషన్ (ఎక్కడ ఉంటున్నావో చూపే నమోదు) వోల్గోగ్రాద్‌ది, ఇక్కడ చెల్లదు అన్నారు. ఒక గదిలోకి తీసుకెళ్లారు. యాభై డాలర్లు ఇచ్చి బయటపడ్డాను. ఆ పొద్దున్నే దిగానని చూపించే రైలు టికెట్ నా జేబులోనే ఉంది. అది చూపిస్తే సరిపోయేదని తర్వాత ఎవరో చెప్పేదాకా నాకు తెలియదు. ఈ కథ చెప్పేటప్పుడు నేను ఎప్పుడూ వదిలేసే ముక్క ఒకటుంది. వాళ్లలో ఒకడి బూటు మడమ ఊడిపోయి, ప్లాస్టర్ చుట్టి ఉంది, వార్డుల్లో మేం కట్లకు వాడే ప్లాస్టరే. ఆ ఆగస్టులోనే ప్రభుత్వం అప్పులు కట్టలేనని చేతులెత్తేసింది. రూబుల్ పాతాళానికి పోయింది. జీతాలు నెలల తరబడి అందేవి కావు. కొన్నిచోట్ల జీతానికి బదులు ఫ్యాక్టరీ సరుకు చేతిలో పెట్టారు. వాళ్లు చేసింది దొంగతనమే, నా యాభై డాలర్ల మీద నాకింకా కోపం ఉంది. కానీ కథ చెప్పినప్పుడు బూటు కూడా చెప్పాల్సింది.

ఇంకో సంగతి దాచకుండా చెప్తాను. మన రంగు చూసి ఆపుతారు. మాస్కో మెట్రోలో ఎవర్ని ఆపుతున్నారో లెక్కపెట్టి చూసిన అధ్యయనం ఒకటి 2006లో వచ్చింది. స్లావ్ ముఖం (రష్యన్ల పోలిక) లేనివాళ్లను ఆపే అవకాశం 20 రెట్లకు పైగా ఎక్కువని తేలింది. 2024 మార్చి 22న మాస్కో దగ్గర క్రోకస్ సిటీ హాల్ అనే కచేరీ హాల్లో కాల్పులు జరిగాక తనిఖీలు మళ్లీ పెరిగాయి. ఎక్కువగా నలిగేది తాజిక్, ఉజ్బెక్ కూలీలు. నీ చేతిలో స్టూడెంట్ వీసా, వెనక యూనివర్సిటీ ఉన్నాయి, వాళ్లకు అవీ ఉండవు. రాజకీయ సభలు, నినాదాల జోలికి మాత్రం పోకు. అలాంటి చోట నీకు ఎదురయ్యే పోలీసు నేను చెప్పే పోలీసు కాదు.

నేను తిరిగొచ్చాక 2011లో మిలిత్సియా పేరు పోలీత్సియాగా మార్చారు, కొత్త చట్టం తెచ్చారు. పేరు మారితే మనుషులు మారతారా అని నేనూ నవ్వాను. 2013 డిసెంబరు 29న టీవీలో వోల్గోగ్రాద్ రైల్వే స్టేషన్ చూపించారు. ఆరేళ్లు నేను మాస్కో రైలెక్కిన స్టేషన్. ప్రవేశ ద్వారం దగ్గర మెటల్ డిటెక్టర్ పక్కన బాంబు పేలింది. ఆ పక్కనే డ్యూటీలో ఉన్న సీనియర్ సార్జెంట్ ద్మిత్రి మాకోవ్‌కిన్ చనిపోయాడు. మర్నాడు ట్రాలీ బస్సులో ఇంకో బాంబు. ఆ రెండు పేలుళ్లలో కలిపి 34 మంది పోయారు. ఆ రాత్రి మీ అత్తయ్యకు మొదటిసారి మీసాలాయన కథ చెప్పాను. "ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు?" అంది. అన్నం చల్లారిపోతోందని మాట దాటేశాను.

2019లో మా బ్యాచ్ వాళ్లం వోల్గోగ్రాద్‌లో మళ్లీ కలిసినప్పుడు బజార్లో నా ఫోన్ కొట్టేశారు. వద్దు, దండగ అన్నాడు మా రష్యన్ మిత్రుడు, అయినా పోలీస్ స్టేషన్‌కి వెళ్లాం. పాతికేళ్ల పిల్ల, పోలీసు ఆఫీసరు, గోళ్లకు నీలం రంగు, రెండు వేళ్లతో టైపు చేస్తోంది. మూడు గంటలు పట్టింది. ఫోన్ ఏ కంపెనీ, కవరు ఏ రంగు, ఏ జేబులో ఉంది, ఆ జేబుకి జిప్పు ఉందా. డబ్బు మాట రాలేదు, గదిమిందీ లేదు. చివర కాగితం నా ముందుకు తోసి కింద ఒక వాక్యం నా చేతి రాతతో రాయమంది: "నేను చెప్పింది చెప్పినట్టే రాశారు, నేను చదివాను." నా రష్యన్ తుప్పు పట్టి ఉంది. చదవలేదమ్మా అన్నాను. ఆ పిల్ల కుర్చీ జరుపుకుని ప్రతి పేజీ మెల్లగా చదివి వినిపించింది. ఫోన్ దొరకలేదనుకో. కానీ ఆ ఊళ్లో నీకు తగిలే పోలీసు ఎక్కువ భాగం ఇలాంటిదే. కాగితాలు, ముద్రలు, మళ్లీ కాగితాలు.

ఆ వాక్యం దగ్గర కాస్త ఆగు. చదవని కాగితం కింద అది రాయకు, సంతకం కూడా చెయ్యకు. నీకు అర్థంకాని భాషలో కేసు నడిపితే అనువాదకుణ్ణి అడిగే హక్కు వాళ్ల చట్టంలోనే ఉంది. "మ్న్యె నూజెన్ పెరివోద్చిక్" అను, నాకు అనువాదకుడు కావాలని. ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక హెల్పర్ ఉద్యోగమని నమ్మించి మనవాళ్లచేత రష్యన్ భాషలో ఉన్న కాగితాల మీద సంతకాలు పెట్టించుకుని సైన్యంలోకి పంపిన ఏజెంట్లు ఉన్నారు. 2024లో మన హైదరాబాద్ కుర్రాడు ఒకడు అలా వెళ్లి చనిపోయాడు. పోలీసు కంటే నువ్వు భయపడాల్సింది "అన్నీ నేను చూసుకుంటా" అనే మన భాషవాణ్ణే.

ఇక వెళ్లాక చెయ్యాల్సినవి. విమానం దిగగానే ఇచ్చే మైగ్రేషన్ కార్డు చిన్న కాగితమే కదా అని పుస్తకంలో పడెయ్యకు. రిజిస్ట్రేషన్ 7 పని దినాల్లోపు అవ్వాలి, హాస్టల్ వాళ్లు చేస్తారు, కానీ నువ్వు వెంటపడాలి. రూల్స్ తరచూ మారతాయి కాబట్టి మొదటి రోజే యూనివర్సిటీ ఆఫీసులో అడుగు. పాస్‌పోర్ట్, మైగ్రేషన్ కార్డు, రిజిస్ట్రేషన్ చీటీ, ఈ మూడూ దగ్గరుండాలి. వేరే ఊరు వెళ్తే రైలు టికెట్ తిరిగొచ్చేదాకా పారెయ్యకు. నా యాభై డాలర్లు గుర్తుంచుకో.

ఆపితే ఆగు. చేతులు జేబుల్లోంచి తీసి, "జ్‌ద్రాస్త్‌వుయ్‌తె" అని మామూలుగా పలకరించు. ఇకిలించకు. అక్కడ కొత్తవాళ్లను చూసి నవ్వితే మర్యాద అనుకోరు, ఏదో దాస్తోంది అనుకుంటారు. ఆపిన పోలీసు తన హోదా, పేరు, ఆపిన కారణం చెప్పాలని ఆ 2011 చట్టంలో ఉంది. చెప్పకపోతే "ప్రెద్‌స్తావ్‌తెస్, పజాలుస్త" అని మర్యాదగా అడుగు, దయచేసి మీరెవరో చెప్పండి అని. గొంతు పెంచి అడిగితే అదే వాక్యం గొడవ అవుతుంది. జరిమానా అంటే కాగితం రాస్తారు, డబ్బు బ్యాంకులో కట్టి రసీదు తీసుకుంటావు. చేతికి ఇమ్మంటే అది జరిమానా కాదు, "ప్రొతొకోల్ రాయండి" అను, అంటే తప్పేంటో కాగితం మీద పెట్టమని. చాలాసార్లు అక్కడితో ఆగిపోతుంది. సీనియర్లు నాకు "గ్రజ్‌దనీన్ నచాల్నిక్" అని పిలవమని నేర్పారు. ఒకసారి అలాగే పిలిస్తే ఆ సార్జెంటు కడుపు పట్టుకుని నవ్వాడు. అది జైల్లో ఖైదీలు పిలిచే పిలుపట!

మన ఊళ్లో పోలీస్ స్టేషన్ మెట్లెక్కాలంటే తెలిసినవాళ్లు ఎవరున్నారా అని వెతుక్కుంటాం. అక్కడ నీకు తెలిసినవాళ్లుండరు, అందుకే భాష నేర్చుకో. ఇంగ్లిష్ మీడియం కదా అని బద్ధకించకు, మూడో ఏడాది నుంచి పేషెంట్లతో మాట్లాడాల్సింది కూడా ఆ భాషలోనే. మన ఎంబసీ నంబరు ఫోన్‌లో ఒకటి, కాగితం మీద ఒకటి పెట్టుకో. పోలీసుకు 102, ఏ అవసరానికైనా 112.

ఆదివారం వస్తాను. పాస్‌పోర్ట్ కాపీలు నాలుగు తీసి ఉంచు. మీ అమ్మతో మీసాలాయన కథ నేనే చెప్తాను, నోటు ముక్కతో సహా. హైదరాబాద్‌లో ఉన్ని టోపీలు కొనకండి, అవి ఆ చలికి ఆగవు. అక్కడ దిగిన రోజే కొనుక్కో.

మీ మామయ్య
ఖమ్మం